తిరునాళ్ళకి ట్రక్కు కట్టే ముందు చక్రం ఒకసారి విప్పి చూడండి

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి.

మా దివిసీమలో ధాన్యం తోలకాలు అయిపోయినయ్. మినుముకి ఒక తడవ మందు కూడా కొట్టేశాం. ట్రక్కు చావిడి పక్కన ఖాళీగా పడుంది. నెల తిరక్కుండా మాఘ పౌర్ణమి వచ్చుద్ది. హంసలదీవి సాగర సంగమానికి స్నానాలకి పోయేవాళ్ళ హడావుడి మా వైపు ఎంత ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు గూడు బండ్లు కట్టుకుని పోయేవాళ్ళు. తర్వాత ట్రాక్టర్లు వచ్చినయ్. తొట్టిలో జానెడు మందాన గడ్డి పరిచి, పైన వెదురు బద్దలు వంచి పట్టా కప్పి, వంట సామాను, నీళ్ళ క్యాన్లు, ముసలాళ్ళు, పిల్లలు, అందరూ అందులోనే. పట్నంలో ఉన్నోళ్ళు కార్లకి తగిలించుకునే ఇల్లుబండ్లని ఫోన్లలో చూపించి మురిసిపోతుంటారు గానీ, మన ట్రక్కు మనకి ఆ పని ఎప్పుడో చేసి పెట్టింది.

ఇక్కడే నాకు బెంగ. ధాన్యం సీజనంతా టన్నులకి టన్నులు మోసి మోసి, ఏ చక్రంలో ఏం అరిగిందో తెలియని బండికి, మర్నాడే గడ్డి పరిచి పిల్లల్ని ఎక్కిస్తాం. ట్రాక్టరుకి గంటల లెక్కన ఇంజనాయిలు మారుస్తాం, ఫిల్టర్లు మారుస్తాం. ట్రక్కుకి ఏముంది, ఇంజను లేని బండి కదా అనుకుంటాం. నిజానికి దానికి ఉన్నవి నాలుగే: చక్రాలు, ఇరుసు, కమాను పట్టీలు, ముందున్న పిన్ను. అందులో ఏ ఒక్కటి పోయినా వెనకాల ఉన్న బరువు మొత్తం ఎటు పోద్దో ఎవరి చేతిలో ఉండదు. ట్రాక్టరు చెడిపోతే ఆగిపోద్ది. ట్రక్కు చెడిపోతే ఆగదు.

మా ట్రక్కు రెండు చక్రాలది, హైడ్రాలిక్‌ది. ఖాళీగా వేబ్రిడ్జి ఎక్కిస్తే పదిహేను క్వింటాళ్ళు తూగుద్ది. డెబ్భై అయిదు కిలోల బస్తాలు అరవై వేస్తే 45 క్వింటాళ్ళు. మొత్తం 60. అందులో కొంత ట్రాక్టరు పిన్ను మీద పడినా, ఒక్కో టైరు మీద పాతిక క్వింటాళ్ళకి పైనే నిలబడుతుంది. ఆ పాతిక క్వింటాళ్ళు తిరిగేది లోపలున్న రెండు బేరింగుల మీద. అందుకే ముందు బేరింగుల సంగతి చెబుతాను. టైరు బయటికి కనిపిస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు చూస్తాం. హబ్బు లోపలికి ఎవరూ చూడరు.

సీజను అయిపోగానే ఏటా నేను రెండు చక్రాలూ విప్పుతాను. పెద్ద మెకానిక్ పనేం కాదు. ఒక మనిషి తోడుంటే ఒక పూటలో అయిపోద్ది. ట్రక్కు ఖాళీగా ఉండాలి, ట్రాక్టరుకి తగిలించి ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. విప్పని చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. జాకీ కింద చెక్క వేసి ఇరుసు దగ్గర లేపాలి. లేపాక ఇరుసు కింద గట్టి దుంగ పెట్టాలి. జాకీని ఒక్కదాన్ని నమ్మి కింద చెయ్యి పెట్టొద్దు. మా ఎడమ చక్రం నట్లకి ఉల్టా మర ఉంటుంది. మన ట్రక్కుల్లో చాలా వాటికి పాత లారీ ఇరుసులు, హబ్బులే వేస్తారు కాబట్టి మీ దానిదీ అలాగే ఉండొచ్చు. ముందే చూస్కోకపోతే విప్పుతున్నామనుకుని బిగిస్తారు, పానా మీద ఎక్కి తొక్కి స్టడ్డు తెంపుతారు.

చక్రం విప్పకముందు, లేపి ఉన్నప్పుడే ఒక పని చెయ్యండి. టైరు పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపి చూడండి. లటలటలాడితే బేరింగు వదులైనట్టు. తర్వాత చేత్తో గిర్రున తిప్పి చెవి పెట్టి వినండి. మంచి బేరింగు మెత్తగా తిరుగుద్ది. పాడైంది ఇసుక నములుతున్నట్టు గరగరమంటది.

హబ్ క్యాపు తీస్తే నట్టు, దానికి అడ్డంగా చీల పిన్ను కనిపిస్తయ్. చీల పిన్ను ఒకసారి తీస్తే మళ్ళీ అదే వాడొద్దు. కొత్తది రూపాయల్లోనే దొరుకుద్ది. దాని బదులు మేకు వంచి పెట్టినవాళ్ళని, బైండింగు వైరు చుట్టినవాళ్ళని కూడా చూశాను. ఆ మేకు తెగితే నట్టు వదులవుద్ది, నట్టు పోతే హబ్బుతో సహా చక్రం రోడ్డు మీద మన ముందే దొర్లుకుంటూ పోద్ది.

హబ్బు లాగితే బయట చిన్న బేరింగు, లోపల పెద్ద బేరింగు వస్తయ్. పాత గ్రీజు మొత్తం డీజిల్లో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కంప్రెసర్ గాలి కొట్టి బేరింగుని గిర్రున తిప్పడం కుర్రాళ్ళకి సరదా. అది చెయ్యనివ్వొద్దు, రోలరు ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. కడిగాక ఎండలో పెట్టి రోలర్లని ఒక్కొక్కటీ చూడండి. నీలం రంగు తిరిగితే బాగా వేడెక్కిందని. సన్నగా చెక్కు లేచినట్టు, పొక్కుల్లాగా ఉంటే దాని పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు హబ్బులో కూర్చునే కప్పుతో సహా మార్చాలి. పాత కప్పులో కొత్త బేరింగు వేస్తే నాలుగు రోజులు కూడా మన్నదు.

మా వైపు ఇంకొకటి ఉంది. కాలవల్లోంచి, మురుగు డొంకల్లోంచి ట్రక్కు దించుతాం. చక్రం సగం నీళ్ళలో మునుగుద్ది. ఆయిల్ సీలు బాగోకపోతే నీళ్ళు లోపలికి పోతయ్. విప్పితే గ్రీజు పాలమీగడలాగా తెల్లగా కనిపిస్తుంది. అలా ఉంటే బేరింగు బాగున్నా సరే, సీలు మార్చాల్సిందే. తుఫాను సీజన్లో నీళ్ళలో తిరిగిన బండ్లన్నీ ఈ ఏడు తప్పనిసరిగా విప్పి చూస్కోండి.

గ్రీజు పెట్టడం అంటే పైన పూయడం కాదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపు అంచుని ఆ ముద్దలోకి నొక్కుతూ ఉంటే రోలర్ల సందుల్లోంచి గ్రీజు అవతలికి పొడుచుకొస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా ఓపిగ్గా నొక్కాలి. హబ్బు ఖాళీ మొత్తం దట్టించడం కూడా మంచిది కాదు, వేడి పోయే దారి ఉండదు. బేరింగులకి పనికొచ్చే గ్రీజు అని అడిగి తెచ్చుకోండి. ఇంట్లో డబ్బా అడుగున ఏదుంటే అది కలిపేయొద్దు. అన్ని గ్రీజులూ ఒకదాంతో ఒకటి కలవవు.

ఇక బిగించడం. అసలు చేతివాటం ఇక్కడే. ఒక చేత్తో హబ్బుని తిప్పుతూ ఇంకో చేత్తో నట్టు బిగించాలి. హబ్బు బరువుగా తిరగడం మొదలయ్యాక ఆపి, నట్టుని కొంచెం వెనక్కి వదలాలి. చీల పిన్ను బెజ్జం కుదిరే దాకా అంతే. ఊపితే ఆడకూడదు, తిప్పితే తేలిగ్గా తిరగాలి. మా మెకానిక్ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నట్టు మీద పానా వేసి ఎక్కి తొక్కేవాళ్ళని చూస్తే, "ఒరే, అది బేరింగురా, రోకలి కాదు" అని తిట్టేవాడు. మరీ బిగిస్తే వేడెక్కి నీలం తిరుగుద్ది. వదిలేస్తే లటలటలాడి కప్పు తింటుంది. రెండిట్లో ఏదైనా చివరికి రోడ్డు మీదే తేలుద్ది.

అంతా అయ్యాక ఖాళీ ట్రక్కుతో ఎనిమిదీ పది కిలోమీటర్లు పోయి ఆపి, రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూస్తాను. గోరువెచ్చగా రెండూ ఒకేలా ఉంటే సంతోషం. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే మళ్ళీ విప్పుతాను. వీల్ నట్లు కూడా అప్పుడే ఇంకోసారి బిగిస్తాను. చక్రం వేసిన కొత్తలో నట్లు కాస్త సర్దుకుంటయ్. నట్టు చుట్టూ డిస్కు మీద తుప్పు చారలు సన్నగా జారినట్టు కనిపిస్తే ఆ నట్టు వదులైందని గుర్తు. బిగించేటప్పుడు పక్కపక్కనే కాకుండా ఎదురెదురుగా బిగించండి.

టైర్లకి వద్దాం. మన ట్రక్కులకి ఎక్కువమంది వేసేది లారీ వాళ్ళు తీసేసిన టైర్లు. నేనూ వేస్తాను. కొత్త జత కొనాలంటే చిన్న రైతు వల్ల అయ్యే పని కాదు, అందులో దాచేదేముంది. కానీ పాతది కొన్నా చూసి కొనాలి. టైరు పక్కన చివర్లో నాలుగు అంకెలు గుండ్రటి గడిలో ఉంటయ్. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. కొట్టువాడు బటన్ చూపించి కొత్తదానిలాగే ఉందంటాడు. మనం ఆ నాలుగు అంకెలు చూడాలి. బటన్ ఎంతున్నా పక్క గోడలు ఎండకి పగుళ్ళు తీసి ఉంటే లోడు ఎక్కిన రోజు చెబుద్ది. టైరు లోపలికి చెయ్యి పెట్టి మొత్తం తడమండి. లోపల నైలాను దారాలు తెగినచోట చేతికి తెలుస్తుంది. ఎక్కడైనా ఉబ్బు ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. రీట్రేడింగు టైరు పనికిరాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. లోపలి కేసింగు బాగుంటే మన వేగానికి అది చాలు. కేసింగు బాగోకపోతే పైన ఎంత మంచి రబ్బరు అంటించినా దండగ. ఒక పక్క రేడియల్, ఒక పక్క నైలాను మాత్రం వెయ్యకండి. రెండూ ఒకేలా వంగవు, ట్రక్కు ఒక పక్కకి లాగుద్ది.

గాలి దగ్గర మనోళ్ళు చాలామంది లెక్క తప్పుతున్నారు. ట్రాక్టరు వెనక టైరుకి పొలంలో పన్నెండు, పద్నాలుగు పాయింట్లు సరిపోద్ది. ఆ అలవాటుతోనే ట్రక్కు టైరుని కూడా కాలితో తన్ని "బానే ఉంది" అంటారు. లారీ సైజు ట్రక్కు టైరుకి వంద పాయింట్లకి అటూ ఇటూ కావాలి. పూర్తి లోడుకి ఎంత గాలి, ఎంత బరువు ఆపుద్ది అనేది ఆ టైరు పక్కనే అచ్చు పోసి ఉంటుంది, అది చదివి కొట్టించండి. డెబ్భై పాయింట్లున్న టైరు తన్నితే గట్టిగానే ఉంటుంది, లోడెక్కితే గోడలు నలుగుతయ్. నలిగి నలిగి లోపల వేడి పుట్టి పేలుద్ది. పేలినప్పుడు ఎండ మీదకి నెడతాం. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. నడిచాక వేడికి పాయింట్లు పెరుగుతయ్, అది చూసి గాలి తీసేయొద్దు.

అరుగుదల చూసినా విషయం తెలుస్తుంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరుగుతుంటే ఇరుసు వంగి ఉంటుంది, లేదా కమాను పట్టీ సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకి జరిగి ఉంటుంది. యూ బోల్టులు ఆ పూటే బిగించుకోండి.

ఇప్పుడు రింగు. ఇది చదివి మర్చిపోవద్దు. ఇరవై అంగుళాల పాత డిస్కులకి టైరుని పట్టి ఉంచేది పక్కనున్న ఇనప రింగు. లోపల వంద పాయింట్ల గాలి అంటే చదరపు అంగుళానికి వంద పౌండ్లు, దగ్గర దగ్గర 45 కిలోల బరువు. టైరు పక్క గోడ ఎన్ని చదరపు అంగుళాలుంటుందో మీరే ఊహించుకోండి. అంత ఒత్తిడిని ఆ రింగు ఆపుతోంది. మా పక్కూళ్ళో పంచరు షాపులో పనిచేసే కుర్రాడు, పందొమ్మిదేళ్ళుంటయ్, గాలి ఎక్కుతుండగా రింగు సరిగ్గా కూర్చోలేదని సుత్తితో కొట్టబోయాడు. రింగు లేచి దవడకి తగిలింది. బతికాడు. ఆర్నెల్లు గంజి నీళ్ళే. ఇప్పటికీ మాట సరిగ్గా రాదు. తప్పు ఆ పిల్లాడిది అనలేం, నేర్పినవాడు లేడు. ఆ రోజు చక్రం తెచ్చిన రైతు పక్కనే నిలబడి "త్వరగా కానీరా, లోడు ఆగింది" అంటున్నాడంట.

కాబట్టి పంచరు షాపుకి చక్రం తీసుకెళ్తే రైతు కూడా చూస్కోవాల్సినవి ఉన్నయ్. విప్పేముందే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వాలి. రింగు కూర్చునే గాడిలో తుప్పంతా వైరు బ్రష్షుతో గీకాలి. వంగిన రింగు, పగిలిన రింగు, వేరే డిస్కుది తెచ్చి సరిపెట్టిన రింగు వద్దు. ముందు కొంచెం గాలి ఎక్కించి ఆపి, రింగు చుట్టూరా గాడిలో కూర్చుందో లేదో చూడాలి. కూర్చోకపోతే గాలి తీసేసి మళ్ళీ మొదటినుంచి. గాలి ఉండగా సుత్తి తగలకూడదు. రింగు వైపు నేలకి ఉండేలా పడుకోబెట్టాలి, లేదంటే ఇనప పంజరంలో పెట్టాలి. మా ఊళ్ళో పంజరం లేదు. డిస్కు కన్నాల్లోంచి టైరు మీదుగా గొలుసు రెండు మూడు చోట్ల చుట్టి, గాలి పైపు పొడుగుది పెట్టించి, దూరంగా పక్కకి నిలబడమంటాను. ఆ గొలుసు నేనే కొని షాపులో పెట్టాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు లారీ వాళ్ళు వచ్చినా అదే చుడుతున్నారు.

ముందు పిన్ను గురించి ఎక్కువ చెప్పను. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క ఇనప ముక్క. అది నడుం దగ్గర సన్నబడిందేమో వేలితో తడిమితే తెలుస్తుంది. పైకి లేవకుండా కింద క్లిప్పు ఉండాలి, దాంతోపాటు ఒక గొలుసు కూడా. బరువు ఇరుసుకి కాస్త ముందుకి పడేలా సర్దండి. వెనక్కి ఎక్కువైతే మూతి లేచి ట్రాక్టరు వెనక చక్రాలు తేలిపోతయ్, బ్రేకు పట్టదు. రోడ్డెక్కగానే రెండు బ్రేకు పెడళ్ళకీ లాకు వెయ్యాలి. ఒక్క పక్క బ్రేకు పడితే వెనకున్న బరువు ట్రాక్టరుని అడ్డం తిప్పేస్తుంది. వంతెన దిగేటప్పుడు క్లచ్చి తొక్కి జారనివ్వకుండా చిన్న గేరులో దిగండి. మన ట్రక్కులకి బ్రేకులు లేవు. 60 క్వింటాళ్ళని ఆపేది ట్రాక్టరు ఒక్కటే. తొట్టి లేపి కింద పని చేసేటప్పుడు దుంగ పోటు పెట్టకుండా మెడ లోపలికి పెట్టొద్దు. హైడ్రాలిక్ పైపు పగిలితే అరిచే టైము కూడా ఉండదు.

వెనక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కరు, పక్కల పసుపుది, ముందు తెల్లది. బురద పట్టి ఉంటే ఉండీ లేనట్టే. రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన ట్రక్కుని బైకు మీద వచ్చే కుర్రాళ్ళు గుద్దుకోవడం ఏటా వింటూనే ఉన్నాం.

ఇంతా చేసి నా ట్రక్కు బాగుందని నాకు తెలుసు. అయినా ఈ ఏడు హంసలదీవికి మనుషుల్ని ఎక్కించనని ఇంట్లో చెప్పేశాను. మా తమ్ముడికి కోపం వచ్చింది. వాడి అత్తగారి తరఫు వాళ్ళతో కలిపి పాతికమంది లెక్క వేసుకున్నాడు. "నాన్న తీసుకెళ్ళలేదా అన్నయ్యా? ఎన్నేళ్ళు పోలేదు? ఏమైంది?" అన్నాడు. నిజమే, ఏమీ కాలేదు. కానీ నాన్న పోయినప్పుడు అది మట్టి రోడ్డు. ఎదురొచ్చేవి ఎడ్లబండ్లు. ఇప్పుడు తారు రోడ్డు మీద రొయ్యల లారీలు, కార్లు ఏ వేగంతో పోతున్నాయో వాడికీ తెలుసు. ట్రక్కు సరుకు మొయ్యడానికి రిజిస్ట్రేషను చేసిన బండి, మనుషుల్ని మొయ్యడానికి కాదు. జరగరానిది జరిగితే బీమా వాళ్ళు అడిగే మొదటి మాట అదే. అసలు మీ బీమా కాగితంలో ట్రాక్టరు నంబరుతోపాటు ట్రక్కు నంబరు ఉందో లేదో ఎప్పుడైనా చూశారా? ఒకసారి బీరువాలోంచి తీసి చూడండి.

వాడు నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. మా మరదలు మాత్రం ఫోను చేసి "బావగారూ, పిల్లలు గడ్డిలో కూర్చుని పోవాలని ఆశ పడుతున్నారండీ" అంది. ఆ ఆశ నాకూ తెలుసు. పట్టా కింద ఊగుతూ, బెల్లం అటుకులు తింటూ పోవడంలో ఉన్న సరదా బస్సులో లేదు. నేను అన్నది ఒకటే: గిన్నెలు, బియ్యం, పట్టా, గడ్డి, నీళ్ళు మొత్తం ట్రక్కులో ముందు రోజు నేను తీసుకుపోతాను. మనుషులు కోడూరు దాకా బస్సులో రండి, అక్కడినుంచి ఆటోలు మాట్లాడతాను. మీరొచ్చేసరికి ట్రక్కు ఆపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, గడ్డి పరిచి ఉంచుతాను. ఆగి ఉన్న ట్రక్కులో పిల్లలు రాత్రంతా గంతులేసినా నాకేం లేదు. వాడు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.

మా తొట్టి అడుగు రేకు ఎడమ మూల తుప్పు తినేసింది. యూరియా తోలినప్పుడల్లా నీళ్ళు కొట్టి కడుగుతూనే ఉన్నా, మా దగ్గర సముద్రపు గాలి మాట వినదు. వచ్చే వారం వెల్డింగు పెట్టిస్తున్నాను. ట్రక్కుకి వెల్డింగు చేసేటప్పుడు ట్రాక్టరు విప్పి దూరంగా పెట్టండి, తగిలించి ఉంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు దెబ్బతింటయ్. అతుకు వేశాక రెడ్ ఆక్సైడు రెండు కోటులు. తిరునాళ్ళ నుంచి వచ్చాక మళ్ళీ కోతల దాకా ఇరుసు కింద దుంగలు పెట్టి చక్రాలు నేలకి ఆనకుండా లేపేస్తాను, టైర్లకి ఎండ తగలకుండా పాత గోతాలు కప్పుతాను. కుడి చక్రం నిన్న విప్పాను, బాగానే ఉంది. ఎడమదానికి సీలు కారుతోంది. కొత్త సీలు, చీల పిన్ను తెచ్చి పెట్టుకున్నాను. రేపు పొద్దున్నే ఎండెక్కకముందు ఆ పని.